నాగేశ్వరమ్మ మింగేసిన మాట

నాగేశ్వరమ్మ గురించి ఏం చెప్పాలన్నా ముందు ఆమె శుభ్రం గురించి చెప్పాలి. ఇనుపరాయి కొండ కింద టౌన్‌షిప్‌లో కాపురమంటే ఆషామాషీ కాదు. పొద్దున ఆరేసిన తెల్ల దుప్పటి మధ్యాహ్నానికి ఎర్రబారుతుంది. కిటికీలన్నీ బిగించినా మంచినీళ్ళ బిందె మూత మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు ఓ ఏడాది పోరాడి, ఇక మనవల్ల కాదు తల్లీ అని చేతులెత్తేసేవాళ్ళు. ఈవిడ ఎత్తలేదు. పద్దెనిమిదేళ్ళు ఆ దుమ్ముతో పంతం పట్టింది. మొగుడు భూషణం గనిలో డంపర్ నడిపేవాడు. డ్యూటీ దిగి వచ్చాడంటే పెరట్లో రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించుకుంటే తప్ప గడప దాటనిచ్చేది కాదు. పాపం ఆయన చలికాలంలో కూడా కిమ్మనకుండా గుమ్మరించుకునేవాడు.

ఆమె పుట్టింది తెలంగాణకు ఆనుకుని ఉన్న పల్లెలో, నాట్లూ కోతలూ మిరపకాయ ఏరుడూ తప్ప వేరే బతుకు లేని ఇంట్లో. చదువు ఐదో తరగతితో సరి. అయితేనేం, నాలుగు భాషలు నోట్లో ఆడేవి. ఇంట్లో తెలుగు, చేలో కూలివాళ్ళతో దోర్లీ, సంతలో గోండీ, ఆఫీసు మెట్లెక్కితే హిందీ. ఎవరితో ఏది మాట్లాడాలో ఒక్క క్షణం కూడా తడుముకునేది కాదు. ఆమెకు నౌకరీ వచ్చింది కూడా ఆ నోటి వల్లే. ఆ నోరే ఒకనాడు ఆమెను తల ఎత్తుకోకుండా చేసింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

రెండువేల పద్నాలుగులో టౌన్‌షిప్ ఆసుపత్రి వెనక ఖాళీగా పడి ఉన్న రెండు గదుల్లోకి రాయ్‌పూర్ నుంచి ఒక మేడమ్ దిగింది. పాముకాటు మందు మీద పరిశోధన. సీసాలు కడగడానికి, గదులు చూసుకోవడానికి, అడవి ఊళ్ళ నుంచి వచ్చే జనంతో వాళ్ళ మాటలో మాట్లాడటానికి మనిషి కావాలంటే, స్టోరు చూసే రామనర్సయ్యగారు నాగేశ్వరమ్మ పేరు చెప్పాడు. ఆయనది ఆంధ్ర వైపు. తెలుగువాళ్ళకు ఎక్కడ చిన్న ఆసరా దొరికినా మనవాళ్ళు మనవాళ్ళు అని ముందుకు తోసే మనిషి. కాంట్రాక్టు నౌకరీయే కానీ, ఇంకో ఏడాదికి పర్మనెంటు అవుతుందని అందరూ అనేవాళ్ళు. నాగేశ్వరమ్మకు ఆ ఆశ గట్టిగానే ఉండేది.

ఆ గదిలో ఒక మిషను ఉండేది. చూడ్డానికి పెట్టెలాంటిది, పక్కనే కంప్యూటర్. దాని పని మేడమ్ ఓపిగ్గా చెప్పింది. చిన్న గాజుబిళ్ళ, దాని మీద బంగారు పూత. వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు ఆ పూత. దాని మీద మన అడవిలో దొరికిన కట్లపాము విషాన్ని అంటిస్తారు. ఆ విషం మీదుగా మందు నీళ్ళు పారిస్తారు. అడుగు నుంచి గాజు మీదికి వెలుగు కొడతారు. మందు విషాన్ని పట్టుకుందా, బంగారం మీంచి తిరిగొచ్చే వెలుగులో రవ్వంత తేడా వస్తుంది, కంప్యూటర్ మీద గీత లేస్తుంది. పట్టుకోలేదా, గీత పడుకునే ఉంటుంది. పట్టుకుని వదిలేస్తే లేచిన గీత మళ్ళీ దిగిపోతుంది. ఇంతే. మందు ఎక్కడో దూరపు పాముల విషంతో తయారవుతుంది, ఇక్కడి పాము విషాన్ని అది ఎంత గట్టిగా పట్టుకుంటుందో ఎవరికీ తెలియదు, అది తేల్చాలనే మేడమ్ తాపత్రయం.

ఆ గదులు ఊడ్చే పిల్ల పేరు మాసే. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఊరు బీజాపూర్ జిల్లాలో తర్రెం అవతల. నక్సలైట్లకూ పోలీసులకూ గొడవలైన రోజుల్లో ఊరొదిలి మేనత్త వెంట ఈ టౌన్‌షిప్ లేబర్ లైన్లకు వచ్చింది. హిందీ ఆమెకు చెవికి కొంత ఎక్కేది కానీ నోటికి వచ్చేది కాదు. మాట్లాడితే గోండీయే. అందుకని మేడమ్ మాసేతో ఏం చెప్పాలన్నా నాగేశ్వరమ్మ నోటి మీదుగానే వెళ్ళేది, మాసే చెప్పేది అదే దారిన తిరిగొచ్చేది.

మాసే చెల్లెలు పొజ్జే అంతకు రెండేళ్ళ ముందు వానాకాలంలో కట్లపాము కరిచి పోయింది. మంచం మీద మోసుకుని రోడ్డు దాకా వచ్చారట. ఆసుపత్రిలో ఉన్న సూదులన్నీ పొడిచారట. పిల్ల దక్కలేదు. నాగేశ్వరమ్మ ఆ మిషను సంగతి తనకు తోచినట్టు మాసేకు గోండీలో విడమరిచి చెప్పిన రోజున, ఆ పిల్ల చీపురు పక్కన పెట్టి చాలాసేపు ఆ పెట్టెను చూస్తూ నిలబడిపోయింది. ఆనాటి నుంచి రోజూ పని అయిపోయాక గుమ్మం దగ్గర ఆగి ఒక్క ప్రశ్న అడిగేది, ఇవ్వాళ పట్టుకుందా అక్కా అని. పట్టుకుంది కానీ వదిలేసింది అని నాగేశ్వరమ్మ చెప్పేది. మాసే తలూపి వెళ్ళిపోయేది.

ఆ శీతాకాలంలో ఒక కొత్త మందు వచ్చింది. దాన్ని రాయ్‌పూర్ నుంచి వచ్చే పెద్దల ముందు పరీక్షించాలని మేడమ్ నిర్ణయించింది. అటవీశాఖ అనుమతితో పట్టిన పాము విషం కొసరంతే మిగిలింది. ఆ మిగిలినదంతా ఒక బిళ్ళ మీద అంటించి, చిన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచింది. వాళ్ళను తీసుకురావడానికి తాను వెళ్తూ, గది అద్దంలా ఉంచు నాగేశ్వరమ్మా అని చెప్పి వెళ్ళింది.

ఇదిగో, ఆ మాట చెప్పకపోయినా బాగుండేది. గది తుడిచింది, బల్లలు తుడిచింది, ఫ్యాన్ రెక్కలు తుడిచింది. ఫ్రిజ్ కూడా తుడుద్దామని తలుపు తీసింది. డబ్బా తడిగా ఉందని మూత తీసి చూసింది. బంగారం మీద తెల్లగా ఉప్పు చారల్లాంటి మరకలు! పెద్దవాళ్ళు వచ్చి చూస్తే ఏమనుకుంటారు? నాగేశ్వరమ్మ చేతిలో ఉండి బంగారం ఇలా మాసిందా అనుకోరూ? బంగారాన్ని ఎలా కడగాలో ఆమెకు ఒకరు చెప్పాలా? వాళ్ళమ్మ పుస్తెల తాడు కడిగినట్టే, తాను పద్దెనిమిదేళ్ళుగా తన కమ్మలు కడుగుతున్నట్టే, ఇంటికి పోయి నాలుగు కుంకుడుకాయలు తెచ్చి వేడినీళ్ళలో నలిపింది. నల్లా దగ్గర కూర్చుని, పాత పళ్ళ బ్రష్షుతో సుతారంగా తోమింది.

నురగలో ఏదో తళుక్కుమంది. నీళ్ళు పోసి చూస్తే చేతిలో వట్టి గాజు. బంగారమూ లేదు, విషమూ లేదు, అవతలి గోడ కనిపిస్తోంది. అక్కడే గట్టిగా అరిచి నలుగురికీ చెప్పినా పోయేది. కానీ ఆమె ఆ గాజును చీర చెంగుతో తుడిచి, డబ్బాలో పెట్టి, డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి, కుంకుడు పిప్పి గోడవతల పారేసింది. అలా ఎందుకు చేసిందని అడిగితే చేతులే చేసేశాయి అంటుంది.

మర్నాడు మేడమ్ అందరి ముందూ డబ్బా తెరిచింది. వట్టి గాజును వెలుగుకు ఎత్తి చూసింది. అరవలేదు. ఇది ఎవరు ముట్టారు అని మాత్రం అడిగింది. వచ్చిన పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అప్పుడు రామనర్సయ్యగారు ముందుకొచ్చి, బంగారం అన్న మాట చెవిన పడితే చేతులు ఊరుకుంటాయా మేడమ్ అన్నాడు. మొన్నామధ్య ఆ ఊడ్చే పిల్ల చీపురు పక్కన పెట్టి ఆ పెట్టె ముందు నిలబడటం తాను చూశాడట. ఆ బంగారం అమ్మితే ఒక చాయ్ కూడా రాదు అని మేడమ్ అన్నది. ఆ సంగతి దానికేం తెలుసు అన్నాడు ఆయన.

మాసే సంచీ వరండాలో తిరగేశారు. గిన్నె, పాత తువ్వాలు, కొంచెం చింతపండు, పొజ్జే ఫోటో అంటించిన రేషన్ కార్డు జిరాక్సు. అంతే. పదిమంది ముందు అవన్నీ నేల మీద పడి ఉన్నాయి. నాగేశ్వరమ్మ తలుపు పక్కన నిలబడి కాలి వేలితో నేల రాస్తోంది.

మేడమ్ ఆమె వైపు తిరిగింది. "నువ్వు అడుగు నాగేశ్వరమ్మా. భయపడొద్దని చెప్పి అడుగు."

ఎవరు చేసిన పనికి ఎవరిని అడగడం! భూమి చీలినా బాగుండుననిపించింది ఆమెకు. అయినా అడిగింది. గోండీలో, మెల్లగా, ఆ గాజు నువ్వు ముట్టుకున్నావా అని అడిగింది. మాసే ఆమె కళ్ళలోకి చూసింది. కోపంగా కాదు. సాయం అడిగినట్టు చూసింది.

"నల్లా దగ్గర నురగ పెట్టి తోమింది నువ్వే కదక్కా. నేను బకెట్ తెచ్చుకునేందుకు వచ్చి చూసిన. నేను చెప్తే వీళ్ళు నమ్మరు. నువ్వే చెప్పు."

అంత పొడుగు మాట. అందరూ నాగేశ్వరమ్మ నోటి వైపు చూస్తున్నారు. పర్మనెంటు నౌకరీ కళ్ళ ముందు ఆడింది, రామనర్సయ్యగారి ముఖం, భూషణం ముఖం ఆడాయి.

"తనకేం తెలియదంటోంది మేడమ్. ముట్టలేదంటోంది."

ముట్టలేదనే కదా చెప్పాను, దొంగ అనలేదు కదా అని తరవాత ఎన్నిసార్లు తనకు తాను నచ్చజెప్పుకుందో. కానీ మాసే ఎంత మాట అన్నది, ఈమె ఎంత మాట చెప్పింది? అది తెలుసుకోవడానికి హిందీ రావక్కర్లేదు. మాసే వంగి తన సామాన్లు ఒక్కొక్కటి ఏరుకుని సంచీలో వేసుకుంది. రేపటి నుంచి రావద్దని రామనర్సయ్యగారు చేత్తో సైగ చేశాడు. మేడమ్ అడ్డం చెప్పలేదు. మాసే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నాగేశ్వరమ్మ ఇంటికి పోయి మొగుడికి చెప్పింది. భూషణం చెడ్డవాడేం కాదు, భయస్తుడు. అయిందేదో అయింది, నోరు మూసుకుని ఉండు, ఆ పిల్లకు ఎక్కడైనా పని దొరుకుతుంది అన్నాడు. సరే అని ఊరుకుంది. ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మాసే లేదు కాబట్టి ఊడ్చే పని కూడా ఆమె మీదే పడింది. చీపురు పట్టుకున్నప్పుడల్లా గుమ్మం వైపు చూసేది. ఇవ్వాళ పట్టుకుందా అని అడిగే మనిషి లేదు, అడిగినా చెప్పడానికి విషమే లేదు. మళ్ళీ వానలు పడి పాము దొరికేదాకా పరీక్ష ఆగిపోయింది. ఈ లోపల ఎన్ని ఊళ్ళలో ఎంతమంది పొజ్జేలో, ఆ లెక్క వేసుకుంటూ ఆమె చీపురు మధ్యలోనే ఆపేసేది. లేబర్ లైన్లకు వెళ్ళి చూస్తే మాసే ఊరికి పోయిందని మేనత్త చెప్పింది. ఎందుకు పోయిందో మేనత్తకు తెలియదు. నాగేశ్వరమ్మ కూడా చెప్పలేదు.

రామనర్సయ్యగారు ఓనాడు పిలిచి, పర్మనెంటు కాగితం పైకి పంపిస్తున్నాను, మనవాళ్ళు కాబట్టి నమ్మకం, ఆ అడవివాళ్ళను పెట్టుకుంటే ఇదిగో ఇలాగే ఉంటుంది అన్నాడు. ఒకప్పుడైతే ఆ మాటకు పొంగిపోయేదే. ఇప్పుడు ఆ కాగితం వైపు చూడకుండానే బయటికి వచ్చేసింది. మాసే వెళ్ళిన తొమ్మిదో రోజు శనివారం. తలంటుకుందామని కుంకుడుకాయలు నలిపింది. ఆ వాసన ముక్కుకు తగలగానే గిన్నె విసిరికొట్టి, పొడి జుట్టుతోనే, ముడి కూడా సరిగా వేసుకోకుండా మేడమ్ గదికి నడిచింది. పద్దెనిమిదేళ్ళలో ఆమె అలా వీధిలోకి రావడం ఎవరూ చూడలేదు.

చెప్పింది. నిలబడే చెప్పింది. రామనర్సయ్యగారు అక్కడే ఉన్నాడు. ముందు నమ్మలేదు, తరవాత ఇది నాలుగు గోడల మధ్య సర్దేద్దాం అన్నాడు. మేడమ్ ఆయన్ని బయటికి పంపించింది. ఆ తరవాత అన్నది, బిళ్ళ కడగకూడదని నీకు చెప్పకపోవడం నా తప్పు, నువ్వు ఆ రోజే చెప్పి ఉంటే ఒక రోజు కోప్పడేదాన్ని, అక్కడితో పోయేది. సంచీ తిరగేస్తుంటే చూస్తూ నిలబడ్డాను, దానికి నేనూ సిగ్గుపడాలి. మాసేను వెళ్ళి తీసుకురా అన్నది. నాగేశ్వరమ్మ తలూపింది. గాజు సంగతి చెప్పింది కానీ, మాసే ఆ రోజు అన్న మాట సంగతి చెప్పలేదు. అది మళ్ళీ మింగేసింది.

మర్నాడు బస్సెక్కి దంతెవాడ, అక్కణ్ణుంచి బీజాపూర్, అక్కణ్ణుంచి జీపు. జీపు ఆగిపోయిన చోట నుంచి నడక. పోలీసు క్యాంపుల దగ్గర రెండుసార్లు ఆపి పేరూ ఊరూ రాసుకున్నారు, ఎవరి దగ్గరికి అని అడిగారు. నాతో పనిచేసే పిల్ల దగ్గరికి అని చెప్పింది. రాత్రికి దారిలోనే ఒక ఇంట్లో తల దాచుకుని, పొద్దున్నే మళ్ళీ నడిచి ఊరు చేరింది.

మాసే పెరట్లో ఎండిన ఇప్పపూలు దంచుతున్న రోకలి ఆపి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఇంట్లోంచి తల్లి వచ్చింది. ముసలమ్మకు కళ్ళు సరిగా ఆనవు. ఎవరే ఈమె అని కూతురిని అడిగింది. ఇప్పుడు చెప్తుంది, చెప్పాలి కూడా అనుకుంది నాగేశ్వరమ్మ.

"పని దగ్గర అక్క. మనల్ని చూడొచ్చింది" అన్నది మాసే.

తల్లి సంబరపడిపోయింది. అంత దూరం నుంచి నా బిడ్డ కోసం వచ్చినవా తల్లీ అని చెయ్యి పట్టుకుంది. మీ ఆఫీసు కొన్నాళ్ళు మూసిండ్రట కదా, మళ్ళీ తెరిచిండ్రా అని అడిగింది. అప్పుడు అర్థమైంది నాగేశ్వరమ్మకు. దొంగ అని గెంటేశారన్న సంగతి మాసే ఇంట్లో చెప్పుకోలేదు. ముసలమ్మ దొప్పలో జావ పోసి తెచ్చి చేతిలో పెట్టింది. వద్దనడానికి ముఖం లేదు. కళ్ళనీళ్ళు జావలో పడుతుంటే తల వంచుకుని తాగింది. ప్రయాణం బడలిక అనుకుని ముసలమ్మ ఇంకొంచెం పోసింది.

తల్లి నీళ్ళకు వెళ్ళాక నాగేశ్వరమ్మ నోరు విప్పింది. మేడమ్‌కు అంతా చెప్పేశాననీ, తప్పు తనదేనని అందరికీ తెలిసిందనీ, మళ్ళీ పనికి రమ్మంటున్నారనీ గబగబా చెప్పింది. మాసే విన్నది. రోకలి గోడకు ఆనించింది.

"ఆ రోజు నేను అన్న మాట వాళ్ళకు చెప్పినవా?"

నాగేశ్వరమ్మ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. నాలుగు భాషలు వచ్చిన మనిషికి ఒక్క భాషలోనూ జవాబు దొరకలేదు. క్షమించమని అడగడానికి కూడా ధైర్యం చాలలేదు. నేల వైపు చూస్తూ కూర్చుంది.

మాసే లేచి, లోపలి నుంచి తన సంచీ తెచ్చుకుని దులిపింది.

"పొజ్జే కోసం వస్త. ఆ గీత లేచి నిలబడేది నా కళ్ళతో చూడాలె." అక్కా అనలేదు. "మేడమ్‌తో నేనే మాట్లాడత. వచ్చినంత హిందీలోనే మాట్లాడత. తప్పులు పోతే పోనీ. నువ్వు పక్కన నిలబడు. నోరు మాత్రం తెరవకు."

నాగేశ్వరమ్మ సరేనన్నది. ఇద్దరూ నడిచి రోడ్డు దాకా వచ్చారు, జీపులో ఎదురెదురుగా కూర్చున్నారు. క్యాంపు దగ్గర ఆపి ఎక్కడికని అడిగితే, నాగేశ్వరమ్మ అలవాటు కొద్దీ పెదవి కదిపి, చప్పున మూసుకుంది. మాసే ముందుకు వంగి, విరిగిన హిందీలో తన పేరు చెప్పింది, తన ఊరు చెప్పింది, పనికి పోతున్నానని చెప్పింది.